బాటసారుల డబ్బా

మా యింట ఒక రేకు డబ్బా యుండెడిది. ఒకప్పుడది నేతి డబ్బా. మా తాతగారు దానికి మూత చేయించి, అంచులు చేతికి తెగకుండ మడిపించి, మా మామ్మకిచ్చిరట. వంటయింటి గోడకు దిగగొట్టిన చెక్కమీద అది కూర్చుండెడిది. ఇంటిలో చిరుతిండ్లకు వేరే సీసాలును, జాడీలును ఉండెడివి. వానిలోనివి మావి. ఆ డబ్బాలోనివి మాత్రము మావి కావు; అవి బాటసారులవి. వ్రాయబడని శాసనములు ఆ యింట పెక్కు గలవు గాని, వానిలో మొదటిది యిదియే.

ఈ శాసనమెందుకు పుట్టినదో తెలియవలెనన్నచో మా యిల్లున్న చోటు తెలియవలెను. భీమడోలు రైలుస్టేషనునుండి ద్వారకా తిరుమలకు పోవు బాట ప్రక్కన మా పల్లె యున్నది. ద్వారకా తిరుమలను జనులు చిన్న తిరుపతి యందురు. కొండమీద వేంకటేశ్వరుని ఆలయము. గర్భాలయమున మూలవిరాట్టులు రెండు. ఒకటి ద్వారకుడను ముని తపస్సు చేసి పుట్టలో కనుగొన్నదనియు, పైభాగము మాత్రమే కానవచ్చు ఆ స్వామికి పాదపూజ లోపింపకుండ రెండవ విగ్రహమును ప్రతిష్ఠించిరనియు స్థలపురాణము. అందువలననే ఏట రెండుమారులు, వైశాఖమున నొకమారు, ఆశ్వయుజమున నొకమారు, స్వామికి కల్యాణోత్సవము జరుగును. పెద్ద తిరుపతికి మ్రొక్కిన మ్రొక్కును చిన్న తిరుపతిలో చెల్లింపవచ్చునని జనుల నమ్మిక. దూరప్రయాణపు ఖర్చు భరింపలేని బీదసాదలకు ఆ నమ్మిక యెంత ఊరటయో వేరుగ చెప్పనేల?

నేను చెప్పుచున్నది 1960వ దశకపు మాట. అప్పటికి బస్సులు లేకపోలేదు. కాని కాలినడకను వత్తుమని మ్రొక్కినవారును, బస్సు ఛార్జీ పిల్లల చిరుతిండికి మిగులునని లెక్క వేసికొన్నవారును రైలు దిగి నడచియే పోయెడివారు. దూరము సుమారు 15 కిలోమీటర్లు. కొంత దారి నడచి అలసినవేళకు మా యింటి ముందటి వేపచెట్టు కనబడెడిది. ఎండకాలమున ఆ నీడను విడిచి ముందునకు సాగుట ఎవరి తరము?

అట్లు ఆగినవారికి మా మామ్మ చేయు మర్యాదకు ఒక వరుస యుండెడిది. మొదట కాళ్లకు నీళ్లు. పిదప చిన్న బెల్లపు ముక్కయు, చెంబుతో మంచినీళ్లును. ఎండలో నడచి వచ్చినవారు వట్టి నీళ్లు గడగడ త్రాగరాదనియు, నోట బెల్లము వేసికొని మెల్లగా త్రాగవలెననియు ఆమె చెప్పెడిది. వారు చెమటలార్చుకొని కూర్చున్న తరువాత డబ్బా మూత లేచెడిది. విస్తరాకు ముక్కలో తీపి యొకటి, కారము ఒకటి. తీపి సున్నుండయో, అరిసెయో, నాలుగు బెల్లపు గవ్వలో. కారము జంతికయో, చెక్కయో, చేగోడీలో.

"తింటారా?" అని మామ్మ ఎవ్వరిని అడిగి యెరుగదు. ఒకనాడు నేను అడిగితిని. ఆ వచ్చిన పెద్దమనిషి, "ఇప్పుడే తిని వచ్చాం బాబూ" అని, నీళ్లు మాత్రము త్రాగి లేచిపోయెను. అతని పెదవులెండియుండెను. ఆయన పోయిన పిదప మామ్మ నాతో, "ఆకలితో ఉన్నవాణ్ణి తింటావా అని అడిగితే వద్దనే అంటాడురా. అడక్కూడదు, పెట్టాలి" అనెను.

ఆ డబ్బాలోని పదార్థములను చూచి ఋతువును చెప్పవచ్చును. నేలను గూడ చెప్పవచ్చును. మా పల్లెకు ఒకవైపు మెట్ట, మరియొకవైపు కాలువల క్రింది మాగాణి, దానికావల కొల్లేరు. మాగాణిలో వరి పంట తరువాత ఆ తడిలోనే మినుములు పండును. సున్నుండలకు మూలమదియే. క్రొత్త బియ్యము ఇంటికి వచ్చిన సంక్రాంతికి అరిసెలు. బియ్యమును నానబెట్టి, తడి యారకముందే దంచి, జల్లించి, ఆ పిండిని బెల్లపు పాకమున కలిపి, నూనెలో వేచి, రెండు చెక్కల నడుమ నొక్కి నూనె పిండుదురు. పాకము ముదిరినచో అరిసె రాయియగును; లేతదైనచో నూనెలో విడిపోవును. ఆ నడిమి క్షణమును కనిపెట్టుటయే అందలి విద్య.

గట్లమీది తాటిచెట్లు ఏడాది పొడవునను ఏదో యొకటి ఇచ్చుచునే యుండును. వేసవిలో ముంజలు, వానకాలమున పండు, ఆ పండు గుజ్జుతో రొట్టె, పాతిపెట్టిన టెంకలనుండి చలికాలమున తేగలు. మెట్టతోటలనుండి జీడిపప్పు, కాలువగట్లనుండి కొబ్బరి, గేదె యీనినవారి యింట జున్ను. కాని ముంజలును, తేగలును, జున్నును డబ్బాకెక్కునవి కావు. అవి ఆ దినమున వచ్చినవాని అదృష్టము. తడి యున్న పదార్థము త్వరగా చెడును. వేచిన పిండి, బెల్లము, నేయి కలిసినదియు, నూనెలో కరకరలాడ వేగినదియు దినములకొలది నిలుచును. ఎప్పుడు వత్తురో తెలియనివారికొరకు ఉంచునది గనుక, డబ్బాలోనికి నిలువయుండు పదార్థములనే మామ్మ ఏరుకొనెడిది.

ఇంటి చిరుతిండి యిట్లుండగా వీధి చిరుతిండి వేరు. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల వర్తకమునకు ప్రసిద్ధి. మా నాయనగారు పనిమీద అచటికి పోయినపుడు ఉల్లి పకోడీల పొట్లము తెచ్చెడివారు. పొట్లపు కాగితము నూనెకు అద్దమువలె తేటపడియుండెడిది. తిరునాళ్లలో మరమరాల ఉండలు, పంచదార చిలుకలు, అన్నిటికంటె మిన్నగా జీళ్లు. బెల్లపు పాకమును ముదుర కాచి, మేకునకు తగిలించి, లాగి లాగి రంగు తేల్చి, ముక్కలు కోసి నువ్వులు అద్దుదురు. జీడి నోట వేసికొన్న పిల్లవాడు పావుగంట మాటలాడడు. తలిదండ్రులకు దానివలన గలుగు గొప్ప లాభమిదియే.

ఇరుగుపొరుగుల నడుమ గూడ ఈ చిరుతిండ్లకు ఒక నడక యుండెడిది. పొరుగింటినుండి అరిసెలతో వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగిపోరాదు. ఏమియు లేనిచో గుప్పెడు పంచదారయైనను అందు పోసి పంపవలెను. ఊరికి బయలుదేరిన చుట్టము చేతిలో దారికొక పొట్లము పెట్టవలెను. ఆ పొట్లము వద్దు వద్దని రెండుమారులనుట చుట్టము ధర్మము. మూడవమారు సంచిలో దూర్చుట ఇంటివారి ధర్మము.

నేను ఆరవ తరగతి చదువుచుండగా, ఒక ఆశ్వయుజమున, కల్యాణోత్సవములకు ముందు మామ్మ డబ్బా నిండ సున్నుండలు చేసి పెట్టెను. నేతి వాసన ఇల్లంతయు నిండెను. మొదటి దినమున నేనొకటి తీసికొంటిని. ఆ గుంట కనబడకుండ ప్రక్కవానిని జరిపితిని. రెండవ దినమున ఆ జరిపినవానిని మరల సర్దవలసి వచ్చెను. సర్దుచు రెండు తింటిని. పిదప లెక్క విడిచితిని. ఉత్సవపు జనమునకు మామ్మ పెట్టినవెన్నో, నేను తిన్నవెన్నో ఎవరికి తేలునని నా ధైర్యము.

ఉత్సవములు ముగియుచున్న నాటి సంధ్యవేళ ముగ్గురు వచ్చి మా వేపచెట్టు క్రింద ఆగిరి. ఒక ముసలివాడు, అతని కోడలు, ఆమె చంకలో గుండు గీయించిన పసివాడు. కొల్లేటి లంకనుండి మనుమని పుట్టువెండ్రుకలిచ్చుటకు వచ్చి, మ్రొక్కు తీర్చుకొని, ఏలూరు పోవు రాత్రి బండి నందుకొనుటకు భీమడోలు పోవుచున్నారు. కోడలి పాదములు బొబ్బలెక్కియుండెను. మామ్మ కాళ్లకు నీళ్లిచ్చెను. బెల్లము, మంచినీళ్లు ఇచ్చెను. లోనికి వచ్చి డబ్బా దింపెను. దింపునపుడే ఆమె చేతులకు తెలిసియుండును. మూత తీసి చూచెను. అడుగున రాలిన సున్నిపిండి తప్ప ఏమియు లేదు. కారపువి ఆ ఉదయముననే అయిపోయినవి. వంట చేసి పెట్టుదమన్న బండి దాటిపోవును. ఆమె మూత మరల పెట్టెను. ఆ మూత చప్పుడు నేటికిని నా చెవిలో నున్నది.

"ఈ పూటకి బెల్లమే బాబూ, ఏమీ అనుకోకండి" అని ఆమె ఇంకొక పెద్ద ముక్క పగులగొట్టి తెచ్చెను. డబ్బా యెట్లు ఖాళీ యైనదో చెప్పలేదు. నావైపు చూడలేదు.

"బెల్లం కంటే ఏం కావాలమ్మా! నీడిచ్చారు, నీళ్లిచ్చారు, అదే పదివేలండి, ఆయ్" అని ముసలివాడు నన్ను దగ్గరకు పిలిచి, భుజముమీది మూట విప్పెను. అందు తిరునాళ్లలో కొన్న జీళ్ల పొట్లము. "ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు మనవలున్నారు బాబూ, వాళ్లకి కొన్నాను. నువ్వూ నా మనవడి లాంటివాడివేగా" అని రెండు జీళ్లు నా చేత పెట్టెను.

వద్దంటిని. "మొహమాటపడకు, తిను" అనెను. ఒకటి నోట వేసికొంటిని. నమలలేక దవడను పెట్టుకొని నిలుచుంటిని. వారు ముగ్గురును బాట మలుపు తిరుగగనే పెరటిలోనికి పరుగెత్తి దానినుమిసితిని, ఏడ్చితిని. రెండవదానిని ఏమి చేయవలెనో తెలియక చొక్కా జేబులో ఉంచితిని. తెల్లవారునప్పటికి దానికి చీమలు పట్టెను.

ఆ రాత్రి మామ్మ నన్ను తిట్టలేదు. మా నాయనగారితో చెప్పలేదు. మరునాడు చీకటి యుండగనే నన్ను లేపెను. పొయ్యిమీద మినుములు వేగుచున్న వాసన వచ్చుచుండెను. "రా, తిరగలి పట్టు" అనెను.

మినుములను గుప్పెడు గుప్పెడుగా వేసి విసరవలెను. తొందరపడి ఎక్కువ పోసినచో పిండి బరకగా వచ్చును. పది చుట్లవరకు ఆటవలె నుండెను. వంద చుట్లకు భుజము లాగెను. పిండి పళ్లెము నిండునప్పటికి అరచేత బొబ్బ లేచెను. నా చేయి చూచి మామ్మ తానొక వాయి విసరెను. మరల పిడి నాకిచ్చెను. పిదప ఆమె తరిగిన బెల్లమును పిండితో కలిపి దంచి, కాచిన నేయి పోసి, వెచ్చగ నుండగనే ఉండలు కట్టసాగెను. నేయి చల్లారినచో ఉండ సరిగా కట్టుపడదు; చేయి చుఱుక్కుమన్నను కట్టవలసినదే. ఆమె అరచేతులు ఎఱ్ఱబడుట నేనదియే మొదటిసారి చూచుట. ఏండ్ల తరబడి ఆ ఉండలు తినియుంటిని గాని, ఆ చేతులను చూడలేదు.

అన్నియు డబ్బాలో పేర్చి, "ఎన్ని?" అని అడిగెను.

"నలభై రెండు" అంటిని.

"ఇకనుంచి లెక్క నీదే. మూత కూడా నువ్వే పెట్టు" అనెను.

శిక్షకు సిద్ధపడియుంటిని గాని, ఆ డబ్బా పెత్తనమే నాకు వచ్చునని అనుకొనలేదు. ఆనాటినుండి వచ్చినవారికి ఆకు ముక్క అందించు పని నాది. డబ్బా మరల నావలన ఖాళీ కాలేదు.

తిరగలి పిడి పట్టిన ఆ ఉదయమునుండి, ఏ తీపి పదార్థము చూచినను దానిని చేసిన చేతులను తలచుకొనుట నాకు అలవాటైనది. పెద్దవాడనైన పిదప గోదావరి దాటి ఆత్రేయపురము పోయి పూతరేకులు చేయుట చూచితిని. నున్నని గుండ్రని కుండను బోర్లించి, దాని క్రింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టుదురు. బియ్యమును నానబెట్టి రుబ్బి, నీళ్లవలె పలుచన చేసిన పిండిలో సన్నని గుడ్డను ముంచి, దానిని కుండ వీపుమీద పరచి వెంటనే లాగివేయుదురు. ఆ పూత రెప్పపాటున ఆరి, కాగితముకంటె పలుచని రేకై లేచును. రేకుమీద రేకు పరచి, నేయి చిలికి, పంచదార పొడియో బెల్లపు పొడియో చల్లి మడుతురు. ఆ పొగలో, ఆ సెగలో గంటలకొలది కూర్చుండి రేకులు తీయువారు స్త్రీలు. 2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరి పేరు నిలిచినందుకు సంతోషింపవలసినదే. నోట వేసికొనగనే కరగిపోవు ఆ రేకును తినునప్పుడు, సెగకు ఎఱ్ఱబడిన ఆ కన్నులనుగూడ ఒకమారు తలచుకొనవలెను.

అతిథికొరకు శ్రమపడు ఈ మర్యాద మనయొక్కరి సొత్తు కాదు. భూగోళపటమున ఉత్తరపు కొనకు చేరువగ ఐస్లాండు అను ద్వీపము గలదు. మంచుమేటలును అగ్నిపర్వతములును గల దేశమది. అచట వరియు లేదు, చెరకును లేదు. అయినను చుట్టము వచ్చినపుడు కాఫీతోబాటు పొన్నుకోకుర్ అను మిక్కిలి పలుచని అట్లకు పంచదార చల్లి, చాపవలె చుట్టి పెట్టుట వారి ఆచారము. క్లేనుర్ అను మరియొక వంటకము గలదు. పిండిముక్క నడుమ గాటు పెట్టి, ఒక కొనను అందులో దూర్చి మెలివేసి వేయింతురు. ఆ దేశము చూచి వచ్చిన మిత్రుడొకడు వీనిని వర్ణింపగా నాకు మన పూతరేకులును, గవ్వలును గుర్తు వచ్చినవి. పూర్వము ఆ ద్వీపవాసులకు పంచదార ఓడలమీద రావలసిన వస్తువు. తమకు దుర్లభమైనదానినే వచ్చినవారికి ఉంచవలెనను బుద్ధి అచటను ఇచటను ఒకటియే.

దుర్లభమైనది పెట్టుట యెట్టిదో నాకు కొల్లేటిలో మరింత తెలిసినది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఆ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి కలియును. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమును చేరును. వానలు మిక్కుటమైన యేట లంకగ్రామములను నీరు చుట్టుముట్టును. నేను ఉపాధ్యాయుడనై కైకలూరు ప్రాంతమున పనిచేయుచున్న కాలమున, అట్టి యొక వానకాలమున, ఎనిమిదవ తరగతి బాలిక యొకతె రెండు వారములు బడికి రాలేదు. ఆమెను విచారించుటకు దోనెమీద లంకకు పోతిని. ఇంటి వాకిట నీరు నిలిచియుండెను. తండ్రి అరుగుమీద వల బాగుచేసికొనుచుండెను. నేను కూర్చుండగనే తల్లి చిన్న పళ్లెములో ఒక కొబ్బరి ఉండ తెచ్చి, "తీసుకోండి మాస్టారూ" అని నా ముందుంచెను. తింటారా యని ఆమె అడుగలేదు.

ఉండ ఒక్కటే. తలుపు చాటున ఆ బాలికయు, ఆమె చిన్న తమ్ముడును నిలిచియుండిరి. పిల్లవాని చూపు నా ముఖముమీద లేదు, పళ్లెముమీద నుండెను. ఆ చూపు నేనెరుగనిది కాదు. వద్దన్నచో ఆ తల్లి మనసు నొచ్చును. తిన్నచో పిల్లల వంతు తిన్నట్లగును. నేను ఉండను రెండుగా విరిచి, ఒక సగము నోట వేసికొని, "చాలా బాగుందమ్మా" అని, పిల్లవానిని పిలిచి రెండవ సగము వాని చేత పెట్టితిని. వాడు తల్లివంక చూచెను. ఆమె తల యూపెను. వాడు తన ముక్కను మరల రెండు చేసి అక్కకొకటి యిచ్చెను.

నీరు తీసిన పిదప ఆ బాలిక బడికి వచ్చినది. కొబ్బరి ఉండ ఊసు ఆమెయు ఎత్తలేదు, నేనును ఎత్తలేదు. నా చిన్ననాడు జీళ్లిచ్చిన ముసలివాడు ఏ లంకవాడో ఆనాడు అడిగి తెలిసికొనలేదు. ఆ ఋణము ఈ లంకలో సగమైనను తీరినదనుకొందును.

2022లో జిల్లాలు మారినవి. పశ్చిమ గోదావరిలోని ద్వారకా తిరుమల నేడు ఏలూరు జిల్లాలో నున్నది. భక్తులలో పెక్కుమంది బస్సులలోను, కార్లలోను నేరుగా కొండ చేరుదురు. స్వామి ప్రసాదపు లడ్డుతోబాటు, దారి కొట్లలో అందమైన పెట్టెలలో పెట్టిన తీపి పదార్థములు కొనుక్కొని ఇండ్లకు పోవుదురు. కాలము మారినందుకు విచారింప బనిలేదు. ఆ పెట్టెలు నింపు పనివలన ఎందరి యిండ్లలోనో పొయ్యి వెలుగుచున్నది. బాటసారులును లేకపోలేదు, వారి వేషము మారినదంతే. మండుటెండలో పార్శిలు తెచ్చి యిచ్చు కుర్రవాడు, కరెంటు మీటరు చూడవచ్చు మనిషి, గ్యాసు బండ మోసికొని మెట్లెక్కువాడు, వీరే నేటి బాటసారులు.

మామ్మ డబ్బా యిప్పుడు నా యింట నున్నది. లోపల కొంత త్రుప్పు పట్టినది గనుక అందొక స్టీలు గిన్నె నుంచితిమి. మొన్న గ్యాసు బండ తెచ్చినవానికి బెల్లమును, నీళ్లును ఇచ్చి, సున్నుండ నొకదానిని చేత పెట్టితిని. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు చూచి, "తింటారా అని అడగలేదేం తాతయ్యా?" అనెను. మామ్మ చెప్పిన మాటనే చెప్పితిని. విని ఊరకుండెను.

ఆ రాత్రి మూత తీసి చూడగా లెక్కకు మూడు తక్కువైనవి. గుంట కనబడకుండ ప్రక్కవానిని జరిపిన నేర్పు చూచి నాకు నవ్వు వచ్చినది. ఎవ్వరితోను ఏమియు అనలేదు. తెల్లవారగనే అటకమీది తిరగలిని క్రిందికి దింపించితిని.